రాజు మాట మీద పెన్సిలు గీత

నేను రాసిన పేజీ మీద ఇంకొకరు పెన్సిలు పెడితే నాకు ఒళ్లు మండుతుంది. చెప్పుకోదగ్గ గుణం కాదు. అయినా ఈ జ్ఞాపకాన్ని అక్కణ్ణుంచే మొదలుపెట్టాలి. మద్రాసు కోడంబాక్కంలో ఒక సందులో, మొదటి అంతస్తులో ఉన్న డబ్బింగ్ థియేటర్లో, ఏసీ చలికి శాలువా కప్పుకుని నా పక్కన కూర్చున్న ఒక రిటైర్డ్ టీచరమ్మ, నన్ను అడక్కుండానే నా రాజుగారి మొదటి మాట మీద అడ్డంగా గీత గీసేసింది. గీత కింద నాలుగు మాటలు రాసింది. పలక మీద బలపంతో అక్షరాలు దిద్దించిన చెయ్యి కాబోలు, కాగితం వెనక వైపు తడిమితే తగిలేంత గట్టిగా నొక్కి రాస్తుంది.

ఆ నాలుగు మాటలూ నా పద్నాలుగు మాటల కంటే బాగున్నాయి. నా బాధ అదీ.

నేను పుట్టింది చింతాద్రిపేటలో. మా వాళ్లు నేతగాళ్లుగా ఈ ఊరొచ్చి ఎన్ని తరాలైందో ఇంట్లో ఎవరికీ లెక్క తెలీదు. నాకు ఊహ తెలిసేనాటికి మగ్గాలు పోయి, మా నాన్న ఒక ప్రెస్సులో అచ్చు అక్షరాలు పేర్చేవాడు. ఆదివారం వస్తే నన్ను చెయ్యి పట్టుకుని ఒక పఠనమందిరం మేడ మీదికి తీసుకుపోయేవాడు. అక్కడ సంస్కరణవాదులు చేరి వాదించుకునేవాళ్లు. దేవుడున్నాడా, కులం ఎవరు పెట్టారు, వితంతువు ఎందుకు తెల్లచీర కట్టాలి, ఇవన్నీ నాకు ఎక్కాల కంటే ముందే వచ్చేశాయి. ఆ సభకు ఒక కట్టుబాటుండేది. ఎదుటివాడి మాటను ఖండించే ముందు, ఆ మాటను నువ్వు నీ నోటితో తిరిగి చెప్పాలి. ఎలా చెప్పాలంటే, "అవును, నేనన్నది సరిగ్గా అదే" అని ఎదుటివాడు ఒప్పుకోవాలి. ఒప్పుకునేదాకా నీకు జవాబు చెప్పే హక్కు లేదు. పెద్దపెద్ద మీసాలవాళ్లు కూడా ఈ కట్టుబాటు దగ్గర తడబడి, మూడోసారీ నాలుగోసారీ చెప్పబోయి, చివరికి చల్లబడి కూర్చోవడం నేను చూశాను.

మా వీధి మలుపులో కూవం నది గోడ పక్కన ఒక క్రైస్తవ బోధకుడు స్టూలెక్కి మాట్లాడేవాడు. ఆయనతో వాదించడానికని పదిహేనో ఏట నేను బైబిలంతా చదివాను. వకీలు ఎదుటి పక్షం కాగితాలు చదివినట్టు చదివాను. ఎక్కడ తప్పుంది, ఎక్కడ పొంతన లేదు, ఎక్కడ దొరుకుతాడు అని. ఆ తర్వాత నా మతం మీద కూడా అదే కత్తి దూశాను. పురాణాల మీద నేను రాసినన్ని వ్యాసాలు ఈ ఊళ్లో తెలుగులో ఇంకెవరూ రాసుండరు. కానీ వ్యాసాలతో ఇల్లు గడవదు కనుక, ముప్పై ఏళ్లుగా డబ్బింగ్ సినిమాలకు తెలుగు మాటలు రాస్తున్నాను.

అలా నా చేతికొచ్చింది ఆ విదేశీ సినిమా. బైబిలు కథల ఆధారంగా తీసిన చారిత్రక చిత్రం. ఆధారం పేరుకే. కథను మా ఇష్టమొచ్చినట్టు మార్చుకున్నామని మొదటి టైటిల్ కార్డులోనే వేసుకున్నారు. ఒక ముసలి రాజు. తలనొప్పీ దిగులూ పట్టి పీడిస్తుంటే, సంగీతం వినిపించడానికి ఒక గొర్రెల కాపరిని పిలిపిస్తారు. ఆ కాపరి రాజు దిగులు తీరుస్తాడు, యుద్ధంలో గెలుస్తాడు, జనానికి దేవుడవుతాడు. రాజుకు కన్ను కుడుతుంది. దేవుడి గొడవ తీసి పక్కన పెడితే ఒక ముసలి మనిషి అసూయ కథ. నేనది సంతోషంగా ఒప్పుకున్నాను. రాజుకు గొంతు ఇచ్చేది నా స్నేహితుడు కావడం ఇంకో సంతోషం. నేను మాటలు రాయడం మొదలుపెట్టిన నాటి నుంచీ రాజులకూ రాక్షసులకూ వాడే గొంతు. కాగితం మీద నా మాట వాడి గొంతులో పడితేగాని నాకది మాటలా అనిపించేది కాదు.

టీచరుగారిని పంపింది పంపిణీదారులు. కోస్తాలో చర్చికి పోయేవాళ్లు ఈ సినిమా చూస్తారు, వాళ్ల మనసు నొప్పించే మాటేదీ పడకూడదు, అందుకని సలహాదారుగా ఒకరుండాలన్నారు. ఆమెది గుంటూరు వైపు. బళ్లో పిల్లలకు తెలుగు చెప్పి రిటైరయ్యాక, ఇక్కడ కంప్యూటరు కంపెనీలో పనిచేసే కూతురి దగ్గరికి వచ్చి రెండేళ్లయింది. చేతిసంచిలో స్టీలు క్యారియరు, ఒక పెన్సిలు, ఒక రబ్బరు. అంతే ఆమె సరంజామా.

మొదటి సీనులో రాజు గుడారం బయట రాయి మీద కూర్చుని కాల్లో ముల్లు తీసుకుంటుంటాడు. ఎదురుగా కాపరి నిలబడి ఉంటాడు, చేతిలో వాద్యం. నేను రాసిన మాట ఇది: "ఓయీ బాలకా! నీ కరమున నున్న ఆ వాద్యవిశేష మేమి? మా శిరోవేదనను ఉపశమింపజేయగల నేర్పు నీకు గలదా?"

అద్దాల గదిలో నా స్నేహితుడు హెడ్‌ఫోన్ పెట్టుకుని ఆరుసార్లు చెప్పాడు. ప్రతిసారీ "ఉపశమింప" దగ్గరికి వచ్చేసరికి తెర మీద రాజు నోరు మూసేసి మళ్లీ ముల్లు మీద పడ్డాడు.

"ఏందిరా ఇది," అన్నాడు మైకులో. "ఆడ ఆయన రెండు ముక్కలు గొణిగి ఊరుకున్నాడు. నువ్వేమో ఈడ దండకం చదివిస్తా ఉండావు."

ఆమె గీత గీసింది అప్పుడే. గీసి, రాసి, పేజీ నా వైపు తిప్పింది.

"ఏదీ, వాయించు. తల పగిలిపోతోంది."

నా నోట్లోంచి మాట దానంతటది వచ్చేసింది. "బాగుందే!" అన్నాను. ఆ గదిలో అందరికంటే ముందు, గట్టిగా అన్నాను. ఇది గుర్తుపెట్టుకోమని మనవి. నాకు తర్వాత దీని అవసరం పడింది.

స్నేహితుడు ఒక్కసారి చెప్పాడు. "పగిలి" దగ్గర రాజు పెదవులు సరిగ్గా కలిశాయి. ఇంజనీరు తమిళుడు, తెలుగు అక్షరం చదవలేడు గాని చెవి మాత్రం చురుకు. బొటనవేలు పైకెత్తాడు.

"మీ రాజు సింహాసనం మీదున్నట్టు మాట్లాడుతున్నాడండీ," అంది టీచరుగారు నాతో, తప్పు దిద్దిన పుస్తకం పిల్లాడికి తిరిగిచ్చినంత మామూలుగా. "వీళ్లు గొర్రెలు కాసుకునేవాళ్లు, గింజలు చల్లుకునేవాళ్లు. మా పుస్తకంలో రాజు కూడా మొన్నటిదాకా తప్పిపోయిన గాడిదలు వెతుక్కున్నవాడే. మీరు రాసినాయన మాత్రం పురాణంలోంచి దిగివచ్చినట్టున్నాడు."

లోపల స్నేహితుడు పగలబడి నవ్వాడు. మైకు తెరిచే ఉంది కనుక ఆ నవ్వు స్పీకర్లలో గది నిండా వినబడింది. "నీకు కావాల్రా! పురాణాలు తగలెయ్యమని జీవితమంతా రాసినోడివి. కిరీటం కనపడేసరికి నీ నోట్లోంచే పురాణం ఊడిపడిందే!"

నిజమే. కోడంబాక్కంలో మాకందరికీ ఉన్న జబ్బు ఇది. తెర మీద పొడుగు అంగీ, గడ్డం, కత్తి కనిపిస్తే చాలు, ఏ దేశంవాడైనా, ఏ కాలంవాడైనా, "ఓయీ" అనాల్సిందే. పౌరాణిక చిత్రాలు మా చెవులను అలా తయారుచేసి వదిలాయి. వాటిలోని భావాలను నేను వ్యాసం తర్వాత వ్యాసంగా చీల్చి చెండాడాను. వాటి భాష మాత్రం నా నాలుక మీద కాపురం పెట్టిందని ఎప్పుడూ గమనించలేదు. గమనించింది ఒక చర్చి మనిషి. ఆ సంగతి నా చేత నా స్నేహితుడి ముందు ఒప్పించింది కూడా ఆమే.

రెండో రోజు నుంచి నేను ఆమె పెన్సిలునే చూస్తూ కూర్చున్నాను. అది కాగితం వైపు కదిలితే నా పేజీని ఇటు లాక్కునేవాణ్ణి. కదలకపోతే, ఈ మాట ఆమెకు నచ్చిందా, లేక చెప్పి లాభం లేదని వదిలేసిందా అని మళ్లీ అటు తోసేవాణ్ణి. స్నేహితుడికి ఏదైనా నోరు తిరక్కపోతే ఇదివరకు "ఏరా, ఇదెట్లా?" అని నన్నడిగేవాడు. ఇప్పుడు అద్దంలోంచి ఆమెను చూసి "అమ్మా, ఇది ఎట్ల చెప్పేది?" అంటున్నాడు. పదకొండు గంటలకు మేమిద్దరం కిందికి దిగి, సందు చివరి మెస్‌లో కాఫీ తాగి, ఒకరినొకరు తిట్టుకుని పైకి రావడం ఎన్నో ఏళ్ల అలవాటు. మూడో రోజు "నువ్వు పోయిరా, నేను ఈడనే ఉంటా" అన్నాడు. ఎందుకంటే క్యారియర్లో గోంగూర ఉంది. నేను ఒక్కణ్ణే పోయి తాగాను. ఆ కాఫీలో చక్కెర ఎక్కువైందని మెస్‌వాడితో పోట్లాడి వచ్చాను.

చిన్నచిన్న గెలుపుల కోసం తాపత్రయపడ్డాను. ఆమె ఒకచోట "ఈటె" అని రాస్తే, "బల్లెం" అనాలని అరగంట వాదించాను. నిఘంటువుల పేర్లు చెప్పాను. రెంటికీ తేడా ఏమిటో ఆయుధాల చరిత్రతో సహా వివరించాను. ఆమె "సరే, బల్లెమే పెట్టండి" అంది. నేను గెలిచాను. గెలిచినట్టు ఎవరూ గుర్తించలేదు. ఇంజనీరు ఆవులించాడు.

నాలుగో రోజు భోజనాల దగ్గర నా అసలు ఆయుధం బయటికి తీశాను. వాళ్లిద్దరూ క్యారియరు గిన్నెలు విప్పుకుని తింటున్నారు. నేను మెస్ నుంచి తెప్పించుకున్న పొట్లం విప్పుతూ అడిగాను.

"టీచరుగారూ, ఒక సందేహం. మీ దేవుడు తనకు అసూయ ఉందని తనే చెప్పుకున్నాడు కదా?"

"చెప్పుకున్నాడండీ."

"ఇంకొకరికి మొక్కితే ఓర్వలేనన్నాడు."

"అన్నాడు."

"మా వీధిలో పక్కింటివాళ్లను చూసి ఏడ్చేవాళ్లు చాలామంది ఉండేవాళ్లు. వాళ్లకెవరూ గుడి కట్టలేదు. లోకాన్ని పుట్టించానంటాడు, చెక్కబొమ్మలతో పోటీ పడతాడు. ఆయన్నెట్లా కొలుస్తారు మీరు?"

మా నాన్న ఉంటే నా భుజం తట్టేవాడు. వేదికల మీద చప్పట్లు పడ్డ ప్రశ్న అది. ఆమె ముద్ద కలుపుతూనే అంది.

"ఒప్పుకున్నాడు కదండీ. నాకు అదే నచ్చింది."

"ఏం నచ్చింది?"

"ఒప్పుకున్నవాడితో వేగొచ్చు. ఒప్పుకోనివాళ్లతోనే తంటా. క్లాసులో చూసేదాన్ని కదా. ఫలానావాడి మార్కులు చూస్తే ఏడుపొస్తోంది టీచర్ అని వచ్చి చెప్పేవాడు సాయంత్రానికి వాడితోనే ఆడుకునేవాడు. నాకేం లేదు అనేవాడు పక్కవాడి పుస్తకం చింపేవాడు." ఆ తర్వాత నా పొట్లం వైపు చూసి, "గోంగూర వేసుకుంటారా?" అంది.

స్నేహితుడికి పొలమారింది. దగ్గుతూ, నవ్వుతూ, నెత్తి కొట్టుకుంటూ, "సభ ముగిసింది! అధ్యక్షులవారు కూర్చోవచ్చు!" అన్నాడు. నేను గోంగూర వేసుకోలేదు. చాలా మంచి వాసన వేసింది.

ఇక ఆ సినిమాలో నాకంటూ మిగిలింది ఒక్క సీను. యుద్ధం నుంచి తిరిగొస్తుంటే ఊరి ఆడవాళ్లు ఎదురొచ్చి పాడతారు. పాటలో రాజునూ పొగుడుతారు, కాపరిని అంతకు ఎన్నో రెట్లు పొగుడుతారు. ఆ తర్వాత రాజు గుడారంలో ఒంటరిగా కూర్చుని తనలో తాను మాట్లాడుకుంటాడు. రెండు నిమిషాలు. మొహం తెర నిండా. కట్ లేదు. ఆ మాటలు గ్రంథంలో ఎక్కడా లేవు, సినిమావాళ్లు కల్పించుకున్నవి. అంటే ఆమెకు అక్కడ అధికారం లేదు. మొత్తం సినిమా ఆమెదైపోయినా ఫరవాలేదు, ఈ రెండు నిమిషాలు నావిగా ఉండాలి. రాజు అసూయ నా తెలుగులో, నా స్నేహితుడి గొంతులో పలకాలి. నాకు ఇంకేమీ అక్కర్లేదు.

"ఈ సీను మీద పెన్సిలు పెట్టకండి," అని ఆమెతో నేరుగానే చెప్పాను.

"అలాగేనండీ," అంది.

నాలుగుసార్లు తిరగరాశాను. చివరిది ఫైల్లో పెట్టి, మర్నాటి పొద్దున్నే అందరికంటే ముందు పోయాను. ఇంజనీరు మిషన్లు ఆన్ చేస్తున్నాడు. తనకొచ్చిన తెలుగులో, "సార్, నిన్న మీరు పోయినంక మేడమ్ ఏమో రాసి పెట్టినారు. పెద్ద సార్ అడిగినారు. నాకు చదవ రాదు," అన్నాడు. పెద్ద సార్ అంటే నా స్నేహితుడు.

ఫైలు తెరిచాను. నా పేజీ మీద చిన్న చుక్క కూడా లేదు. ఆమె మాట నిలబెట్టుకుంది. రాసింది పేజీ వెనక వైపు, ఖాళీ వైపు.

"పాట బాగుంది. ముందు నా పేరే ఉంది అందులో. అయినా నాకు రెండో పేరే వినిపిస్తోంది. వాడు వాయిస్తే నిద్రపట్టేది నాకు. ఇప్పుడు వాడు ఈ ఊళ్లో ఉన్నాడన్నా నిద్ర రాదు. వాడేం తప్పు చేశాడని అడిగితే నా దగ్గర జవాబు లేదు. అందుకే ఎవర్నీ అడగనివ్వను..."

ఇంకా ఉంది. నిలబడి చదివాను. కూర్చుని మళ్లీ చదివాను. అసూయపడే మనిషి లోపల ఎలా ఉంటాడో, ఎవరి మీదా అసూయపడినట్టు కనబడని ఈ మనిషికి ఎలా తెలిసిందో నాకర్థం కాలేదు. ఆ తర్వాత అర్థమైంది. ఐదు రోజులుగా ఆమె పక్కనే కూర్చుని ఉన్నాను నేను.

బల్ల మీద ఆమె రబ్బరు ఉంది. దాంతోనే చెరిపేశాను. పైనుంచి కిందికి, వరుస తర్వాత వరుస. ఒకచోట ఆమె మరీ నొక్కి రాసింది, అది పోలేదు, నేనూ మరీ నొక్కి రుద్దాను, కాగితం చిరిగింది. పొట్టు ఊదేశాను. ఇంజనీరు వైర్లలో తల పెట్టి ఉన్నాడు. నన్ను ఏ సైతానూ పూనలేదు, ఏ గ్రహమూ పట్టలేదు. అలాంటివి లేవని జీవితమంతా చెప్పినవాణ్ణి కనుక ఈ పని నెట్టడానికి నాకు ఇంకెవరూ లేరు. నేనే చేశాను.

ఇంజనీరు టీకి దిగాడు. వాళ్లిద్దరూ కలిసే మెట్లెక్కి వచ్చారు.

"అమ్మా, రాసినారా?" అన్నాడు స్నేహితుడు.

"ఆడ ఏమీ లేదు," అన్నాను నేను. "ఫైలు నేను చూసినా. నాది ఒకటే ఉండేది."

ఆమె ఫైలు తీసుకుంది. పేజీ వెనక్కి తిప్పింది. వేలితో మెల్లగా తడిమింది. వేలు చిరుగు దగ్గర ఆగింది.

"కుదర్లేదండీ," అంది స్నేహితుడితో. "రాద్దామనే అనుకున్నాను."

ఐదు రోజుల్లో నాకు తెలిసినంతవరకూ ఆ మనిషి నోట ఒక్క అబద్ధం రాలేదు. టేకు బాగాలేకపోతే వాడి మొహం మీదే "బాగాలేదండీ" అనేది. అలాంటిది నా కోసం అబద్ధమాడింది. నాకు సిగ్గు రావాలి. ముందు వచ్చింది మాత్రం కోపమే. ఈ మంచితనంలో కూడా నాకంటే ఒక మెట్టు పైన కూర్చుందే అని.

స్నేహితుడు లోపలికి పోయి నాది చెప్పాడు. "ఏమి ఈ విపరీతము! నా భుజబలపరాక్రమములు నేల గలిసెనా? నిన్నటి అజపాలకుడు నేడు నా కీర్తిచంద్రికను కబళించు రాహువైనాడా?" నాలుగు వెర్షన్లు రాసి నేను చేరింది మళ్లీ అక్కడికే. తెర మీద ముసలాయన బుగ్గలు వణుకుతున్నాయి, కళ్లు తడిగా ఉన్నాయి, నోట్లోంచి చంద్రులూ రాహువులూ రాలుతున్నారు. తొమ్మిది టేకులు. "ఓకే సార్," అన్నాడు ఇంజనీరు. బొటనవేలు లేవలేదు. స్నేహితుడు బయటికొచ్చి నీళ్లు తాగి, "అయింది" అన్నాడు. తిట్టలేదు. వాడు నన్ను తిట్టకపోవడం నాకు కొత్త.

ఆ రెండు నిమిషాలూ ఇప్పుడు నావే. కోరుకున్నది దొరికింది.

భోజనానికి వాళ్లు గదిలో కూర్చుంటే నేను ఫైలు పట్టుకుని మెట్ల మీద కూర్చున్నాను. మా నాన్న గుర్తొచ్చాడు. ఆత్మలూ అవీ కావు, మామూలుగా మనిషికి మనిషి గుర్తొచ్చినట్టు. ఎదుటివాడి మాట వాడికి నచ్చేలా తిరిగి చెప్పలేనివాడికి నోరెత్తే హక్కు లేదన్న సభలో పెరిగినవాణ్ణి, ఎదుటి మనిషి మాటను రబ్బరుతో రుద్దేశాను. చర్చలో ఓడినవాళ్లను చాలామందిని చూశాను గాని, అవతలివాళ్ల నోరు నొక్కి గెలిచినవాణ్ణి ఆ మేడ మీద ఒక్కణ్ణి కూడా చూడలేదు.

మధ్యాహ్నపు ఎండ మెట్ల మీద ఏటవాలుగా పడుతోంది. పేజీని వెలుతురుకు అడ్డంగా పట్టుకుంటే నొక్కులు కనబడ్డాయి. ఆమె చేతి బరువు కాగితంలో మిగిలే ఉంది. ఆమె పెన్సిలే తెచ్చుకుని, మొన వాల్చి, పేజీ మీద తేలిగ్గా రుద్దడం మొదలుపెట్టాను. కాగితం బూడిదరంగు అవుతుంటే అక్షరాలు తెల్లగా పైకి వచ్చాయి. పాట బాగుంది. ముందు నా పేరే ఉంది అందులో. ఒక్కో వరుసా పైకి వస్తుంటే, చెరిపినప్పటి కంటే ఎక్కువ కుళ్లుగా ఉంది నాకు. అయినా రుద్దాను. చిరిగిన చోట ఒక వాక్యం తప్ప అంతా వచ్చింది.

లోపలికి పోయి వాళ్ల గిన్నెల మధ్య ఆ పేజీ పెట్టాను.

"పొద్దున ఇది ఉండేది," అన్నాను. "నేను చెరిపినా."

స్నేహితుడు పేజీని చూశాడు, నన్ను చూశాడు. "నువ్వా?" అన్నాడు. "నీ లైన్లో ఒక పొల్లు మారిస్తే ప్రొడ్యూసరు చొక్కా పట్టుకున్నోడివి... నువ్వా?" వాడికి కోపం కంటే దిగ్భ్రమ ఎక్కువగా ఉంది. అది నాకు ఎక్కువ తగిలింది.

ఆమె వైపు తిరిగాను. "మీరు అబద్ధం ఎందుకు చెప్పారు?"

"మీరే చెప్తారనుకున్నానండీ," అంది. "కాస్త ఆలస్యమైంది. కూర్చోండి, తినండి ముందు."

ఈసారి గోంగూర వేసుకున్నాను. దాన్ని గురించి రాయను.

తిన్నాక స్నేహితుడు పేజీ చదివాడు. చదువుతూనే పెదవులు కదిపి చూసుకున్నాడు. "ఈడ ఒక లైను పోయిందే," అన్నాడు చిరుగు మీద వేలు పెట్టి. "ఇదేందమ్మా?"

"గుర్తులేదండీ," అంది ఆమె. నా వైపు చూసింది. "చిరిగింది మీ చేతిలో కదా. మీరే వెయ్యండి."

నిజంగా గుర్తులేదో, అది రెండో అబద్ధమో నాకు ఈనాటికీ తెలీదు. పెన్సిలు తీసుకున్నాను. ఓయీలూ రాహువులూ నాలుక చివరిదాకా వచ్చి నిలబడ్డాయి. వాటిని పక్కకు తోసి, ఈ ఐదు రోజుల్లో నేను చేసినవాటిలో నిజాయితీగా ఉన్నది ఏదైనా ఉందా అని వెతుక్కున్నాను. ఒకటే దొరికింది. రాశాను.

"వాడు బాగా వాయిస్తాడని మొదట అన్నది నేనే."

మళ్లీ రికార్డు చేశాం. ఒకటే టేకు. అద్దం వెనక నా స్నేహితుడు కళ్లు మూసుకోలేదు, చేతులు ఊపలేదు, పక్కన ఉన్న మనిషితో చెప్పినట్టు చెప్పాడు. నా వాక్యం దగ్గరికి వచ్చినప్పుడు ఒక్క క్షణం ఆగి, గొంతు దించి అన్నాడు. టీచరుగారు పేజీ మీంచి తల ఎత్తలేదు. మొదటి రోజు నా "బాగుందే" ఆమెకు గుర్తుందో లేదో తెలియలేదు. రెండు నిమిషాలూ అయ్యాక ఇంజనీరు కుర్చీలో వెనక్కి వాలి, రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు.

"సూపర్‌మా!" అన్నాడు.

ఆమెను చూసే అన్నాడు. పేజీ వెనక చేతిరాత ఎవరిదో చదవడం రాకపోయినా అతనికి తెలుసు. "సూపర్ సార్" కూడా అంటాడేమోనని నేను ఎదురుచూశాను. ఒక వాక్యమైనా నాది కదా. అనలేదు. తలుపు తీసుకుని టీ తాగడానికి పోయాడు.

డబ్బింగ్‌లో చివరి పని తెలుగు పేర్ల కాగితం. ఇంజనీర్లు తెలుగు చదవలేరు కాబట్టి, తెర మీద పడాల్సిన పేర్లన్నీ మాటలు రాసినవాడే తన చేత్తో రాసివ్వడం ఇక్కడి పద్ధతి. నేను ఏది రాస్తే అదే పడుతుంది, ఎలా రాస్తే అలాగే పడుతుంది. అడిగేవాళ్లుండరు. పంపిణీదారులు ఇచ్చిన జాబితాలో టీచరుగారు లేరు. సలహాదారులను వేసే అలవాటు వాళ్లకు లేదు. ఆమె కూడా అడగలేదు. ఆ సాయంత్రం శాలువా మడిచి, క్యారియరు సంచిలో పెట్టుకుని, "వస్తానండీ" అని మెట్లు దిగి వెళ్లిపోయింది. పెన్సిలు మర్చిపోయింది, లేదా వదిలేసింది.

"తెలుగు మాటలు" అని రాసి, నా పేరు రాశాను. పెన్నుతోనే. స్నేహితుడు నా భుజం మీంచి చూస్తున్నాడు. ఆమె పేరు కూడా రాశాను. పొట్టి పేరు. నా పేరు పక్కన, అదే వరుసలో, పట్టేంత చోటుంది.

కింద రాశాను.